మా బావ బండి దొర్లే చోట్లు

మా అక్క మొగుడంటే నాకు మొదట్నించీ పడదు. తొంభైల చివర్లో ఆయన కొన్న పాత పెట్రోలు వ్యానులో విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా వెళ్లొచ్చాక, ఆయన మొహం చూస్తేనే ఒళ్లు మండేది.

ఆయనకు ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు. మల్కాపురంలో మా ఇంటికొచ్చి, దారి పొడవునా చూడదగ్గవన్నీ చూపిస్తూ తీసుకెళ్తానని కోతలు కోశాడు. అక్క మురిసిపోయింది. నేను పోర్టు డ్యూటీకి సెలవు పెట్టాను. అమ్మకు మాత్రం చూడాల్సింది ఒక్కటే: ఉప్పాడలో ఉన్న మా పెద్దమ్మ. అక్కచెల్లెళ్లు కలుసుకుని ఆరేళ్లయింది. ఫిషింగ్ హార్బర్‌లో చేపల బుట్ట వదిలి అమ్మ ఎక్కడికి కదిలింది గనక. ఉప్పాడలో ఎస్టీడీ బూతుకి నాచేత ఫోన్ చేయించి, మధ్యాహ్నానికి రోడ్డు మీదికి వచ్చి ఉండమని కబురు పెట్టింది.

అనకాపల్లి దగ్గర బౌద్ధుల గుహలున్న బొజ్జన్నకొండ చూద్దామన్నాను.

"అక్కడేటుంది బావా, రాళ్లు," అని పోనిచ్చాడు.

తర్వాత ఏటి వంతెన దిగుడులో ఆపి, చూడండన్నాడు. చూడ్డానికి ఇసుకా, రెండు గేదెలూ ఉన్నాయి. తునిలోనూ వంతెన దిగుడే. అన్నవరం కొండ మీద మాత్రం తీరిగ్గా తిరగనిచ్చాడు. బయల్దేరేటప్పుడు గమనించాను. ఆయన సెల్ఫ్ కొట్టలేదు. బండిని కిందికి దొర్లించి, గేరు వేసి, క్లచ్ వదిలాడు. అప్పుడు ఇంజన్ లేచింది.

సెల్ఫ్ పోయిందన్నమాట. ఊళ్లో వాళ్ల బళ్లన్నీ బాగుచేసే మహానుభావుడు తన బండి బాగుచేసుకోలేదు. పొద్దుట్నించీ మాకు చూపించినవి చూడదగ్గ చోట్లు కావు, ఆయన బండి దొర్లే చోట్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు మూసుకున్నాను. మా ఇళ్లలో అల్లుడు తానా అంటే అందరూ తందానా అనాల్సిందే.

ఉప్పాడ రోడ్డు చదును. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఇళ్లు. పెద్దమ్మ దూరం నుంచే కనిపించింది. కొత్త చీర కట్టుకుని, స్టీలు క్యారేజీ పట్టుకుని ఎండలో నిలబడి ఉంది.

"అదిగో మా అప్ప. ఆపండి బాబూ," అంది అమ్మ.

"ఆపితే ఇంజన్ నిలబడదత్తా, ఆరిపోద్ది. మళ్లీ లెగదు. ఇక్కడ దిగుడు లేదు."

"పడవలు తోసీ ఊరు బావా ఇది," అన్నాను. "నలుగురొచ్చి ఓ తోపు తొయ్యరేటి?"

"ఆటోనగర్ మెకానిక్ బండి తోయించుకున్నాడంటే నా పరువేటైపోద్ది?"

ఆపలేదు. మొదటి గేరులో పోనిచ్చాడు. అమ్మ కిటికీలోంచి చెయ్యి చాపింది. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుని బండి పక్కన నడిచింది. దిగవేటే, దిగవేటే అంటూ నాలుగడుగులు పరుగెత్తింది. క్యారేజీ ఎలాగో లోపలికి తోసింది. అంతలో చెయ్యి జారిపోయింది. అక్క తల దించుకుంది. నేను ముందు సీట్లో కూర్చుని ఆయన్ను మనసులోనే నానా తిట్లూ తిట్టాను.

కాకినాడ బీచిలో ఓ దిగుడు వెతికి మరీ ఆపి, ఆయన అందరికీ ఐస్‌క్రీములు కొన్నాడు. అమ్మ బండి దిగలేదు.

ఇంటికొచ్చాక అల్లుడికి దగ్గరుండి అన్నం పెట్టి, మర్యాదగానే పంపింది. నాతో మాత్రం వారం రోజులు మాట్లాడలేదు. చివరికి ఉండబట్టలేక, ఆయన చేసినదానికి నా మీద కోపమెందుకమ్మా అన్నాను.

"ఆడు పరాయోడు," అంది అమ్మ, చేపల బుట్ట కడుగుతూ. "నువ్వు ఆడి పక్కనే కూకున్నావు కదరా. బండి తాళం నీ సేతికి జానెడు దూరంలో ఉంది. ఓపాలి తిప్పి ఆపీడానికి నీకేటొచ్చింది?"