రెండు సీట్ల బండికి కొత్త క్లచ్చు

పోయినవాటిని లెక్కవేస్తే, గల్ఫులో సముద్రపు ఒడ్డున కల్బా ఊళ్ళో మేమున్న రెండు గదుల ఇల్లు ఒకటి, దాని వెనక వేపచెట్టు ఒకటి, ఒడ్డున నెత్తళ్ళు ఎండబెట్టే ఇసుక దిబ్బలు మూడు, ఆ నీచువాసనలోనే మేం నలుగురం కూర్చుని తిన్న చాప ఒకటి. ఇవాళ ఈ లెక్క మళ్ళీ వేయించింది మాడిన క్లచ్చు వాసన. అదే దేశంలో, ఇప్పుడు ముసఫ్ఫాలో నేను లెక్కలు చూసే షెడ్డులో, మెకానిక్ రాజన్న ఒక పాత స్పోర్ట్స్ కారు గేర్‌బాక్సు దించి, అరిగి నల్లబడిన ప్లేటు బయటికి తీశాడు.

మా నాన్నా మెకానిక్కే. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఇద్దరిదీ కోనసీమ. క్రిస్మస్ దగ్గరపడితే, అక్కడ సెలవురోజైన శుక్రవారాల్లో, చర్చిలో ప్రార్థన నుంచి రాగానే అమ్మ బెల్లం పాకం పట్టి గవ్వలు వేస్తుండేది, తమ్ముడూ నేనూ వేపచెట్టు కింద సోడామూతలతో ఆడుకుంటుండేవాళ్ళం. అలాంటి ఒక శుక్రవారం నాన్న తన యజమాని ఎర్రకారు తోలుకొచ్చాడు. ఆ యజమానిని అందరూ అర్బాబ్ అనేవాళ్ళు. వారమంతా కష్టపడి దానికి కొత్త క్లచ్చు వేసింది నాన్నే. ప్లేటు సర్దుకునేదాకా మెల్లగా నడిపి చూడాలి కదా, ఆ నడిపేదేదో ఇంటివాళ్ళని ఎక్కించుకుని నడుపుతానని అడిగి తెచ్చాడు. సీట్లు రెండే, ఒకటి నాన్నది. సముద్రం వెంబడి మడచెట్ల దాకా వెళ్ళిరావడం ఒక్కొక్కరికి ఒక వంతు.

డ్యూటీ వేళవుతోందని మొదటి వంతు అమ్మది. తెల్ల యూనిఫాం మాయకుండా సీటు మీద పేపరు పరుచుకుంది.

"తలుపులున్నాయిగానీ పైకప్పేదండీ? మీ అర్బాబ్‌కి డబ్బులు చాల్లేదా?"

"కొప్పు పట్టుక్కూచో" అన్నాడు నాన్న.

తమ్ముడు ఏడ్చి రెండో వంతు లాక్కున్నాడు. నేను తల దువ్వుకుని, చెప్పులు కడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను. వాళ్ళు తిరిగొచ్చేసరికి, కారు ఇప్పుడే కావాలంటూ అర్బాబ్ డ్రైవరు గేటు దగ్గర ఉన్నాడు. నాన్న తాళాలిచ్చేసి, నా తల మీద చెయ్యి వేయబోయి, గోళ్ళలో గ్రీజు చూసుకుని ఆగాడు.

"నీ వంతు బాకీరా పెద్దోడా. మళ్ళీ క్లచ్చు పోకుండా ఉంటదా?"

నాన్న వేసిన క్లచ్చు అది. మేం కల్బాలో ఉన్నన్నాళ్ళూ పోలేదు.

ఆ ఇంటిచోట ఇప్పుడు వెడల్పాటి రోడ్డుంది. నెత్తళ్ళ వాసన లేదు.

"ఖలాస్ సార్. ఒక చక్కర్ కొట్టొద్దాం, ఎక్కుండ్రి" అన్నాడు రాజన్న సాయంత్రం.

ఎక్కాను. కారు కుదుపు లేకుండా కదిలింది. పక్కకు చూస్తే స్టీరింగు మీద రాజన్న చేతులు. ఎంత ప్రయత్నించినా ఈ చక్కర్‌ని నాన్న ఖాతాలో జమ వేసుకోలేకపోయాను. నాన్న పోయి నాలుగేళ్ళు. ఆయన నాకు పడ్డ బాకీ, ఒక వంతు.