మనిషిని మార్చే మాబూబీ

మాబూబీకి మనుషుల్ని మార్చే జబ్బు ఉంది. ఎవరైనా ఒక పని చేస్తుంటే వెనకనుంచి వచ్చి, భుజం మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, "నువ్వు తప్పుకో" అంటుంది. ఆ పనిలోకి ఇంకొకర్ని దింపుతుంది. నొక్కించుకున్నది కలెక్టరైనా పక్కకి జరగాల్సిందే.

నాజియా పెళ్లయి, వినుకొండ పక్కనున్న ఆ ఊరికి కాపురానికి వచ్చిన వారంలోనే ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. ఆరోజు పొయ్యి దగ్గర గారెలు వేస్తోంది. మొదటి గారె అప్పడంలా వచ్చింది. రెండోది బంతిలా వచ్చింది. మూడోదానికి పిండి తీసుకునేసరికి భుజం మీద నొక్కు పడింది.

"నువ్వు తప్పుకోమ్మా. ఏమయ్యా, నువ్వు దిగు."

మామగారు గౌస్ బాషా భారీ మనిషి. పేపరు మడిచిపెట్టి, లుంగీ ఎగ్గట్టి వచ్చి కూర్చున్నాడు. గుండ్రంగా, నడిమికి చిల్లుతో, వంక పెట్టడానికి లేకుండా గారెలు వేస్తూ పోయాడు. కొత్త కోడలు సిగ్గుతో గుమ్మానికి అతుక్కుపోయింది.

"అక్కడ నిలబడతావేం? వీధిలో చేపలామె వచ్చింది. పోయి బేరం చెయ్."

"నాకు బేరం చెయ్యడం రాదు అత్తమ్మా."

"ఎప్పుడైనా చేశావా?"

"లేదు."

"మరి రాదని ఎట్లా తెలుసు? దిగి చూడు."

నాజియా వెళ్లింది. ఏమనాలో తోచక గంపలోకి చూస్తూ నిలబడిపోయింది. ఆ మౌనం చేపలామెని భయపెట్టింది. తనంతట తనే ధర చెప్పి, తనే తగ్గించి, మళ్లీ తగ్గించి, పైన నాలుగు రొయ్యలు కూడా వేసి వెళ్లింది. నాజియాకి మాత్రం గారెల అవమానమే మనసులో మిగిలింది. తను పనికిరాదని అత్తగారు తేల్చేసిందని రెండ్రోజులు ముడుచుకుని తిరిగింది.

చివరికి భర్త షానవాజ్ అసలు కారణం చెప్పాడు.

"తప్పు నాదే. పోయినేడు అమ్మ మోకాలు వాచి మంచాన పడితే, కాలక్షేపానికి ఫోన్లో ఒక ఆట ఎక్కించి ఇచ్చా. అప్పట్నుంచి మేమందరం ఆమెకి బొమ్మలమే."

ఆటలో ముగ్గురు మనుషులు ఒక పాడుపడ్డ కోటలోంచి బయటపడాలి. గట్లు ఎక్కాలి, గుంతలు దూకాలి, నీళ్లు దాటాలి. ముగ్గురూ ఒకేసారి కదలరు. ఎవరి బొమ్మ నొక్కితే వాళ్లు నడుస్తారు. ఒక పిల్ల బ్రహ్మాండంగా ఎగురుతుంది, బరువు మాత్రం తొయ్యలేదు. ఒక లావాటివాడు బండల్ని తోస్తాడు, పలక మీద నిలబడితే ఆ బరువుకి తలుపులు తెరుచుకుంటాయి, ఎగరమంటే మాత్రం దబ్బున గుంతలో పడతాడు. ఒక బక్కవాడు చేపలా ఈదుతాడు, గట్టు మీద నడవలేడు.

ఒకరోజు నాజియా పక్కన కూర్చుని చూసింది. లావాటివాడు గుంతలో పడ్డాడు. మాబూబీ నాలుక చప్పరించి, "పోన్లే నాయనా, ఇక్కడ నీ పని కాదు, నాదే పొరపాటు" అని వాణ్ని ఓదార్చి పిల్ల బొమ్మ నొక్కింది.

ఆట ఫోన్లో ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ఒకసారి జ్వరమొచ్చి మాబూబీ వినుకొండలో ఆసుపత్రికి వెళ్తే, పెద్ద డాక్టరే స్వయంగా సూది వెయ్యబోయాడు. నరం దొరకలేదు. ఇంకోచోట చూశాడు. అక్కడా దొరకలేదు. మాబూబీ ఖాళీగా ఉన్న చేత్తో ఆయన భుజం నొక్కింది.

"మీరు కాసేపు కూర్చోండి డాక్టరు గారూ. నర్సమ్మా, నువ్వు దిగు."

డాక్టరు నిజంగానే కూర్చున్నాడు. పక్కనున్న నాజియా చున్నీలో మొహం దాచుకుంది.

ఊళ్లో ఎవరూ మార్చలేని మనిషి ఒక్కడే. చెంచురామయ్య. మిరపకాయలు ఎండబోసే కల్లంలో వీళ్ల పక్కనే ఆయన జాగా. వయసు డెబ్బైకి దగ్గరపడింది, మనిషి ఎండిన తొడిమలా ఉంటాడు, గొంతు మాత్రం పక్క ఊరికి వినపడుతుంది. ఎవరి సాయమూ పట్టడు. ఒకసారి షానవాజ్ ఆయన మోస్తున్న బస్తాకి చెయ్యి వేశాడు.

"ఏరా, నా చేతులు పడిపోయినయ్యా?" అని గద్దించి, చెంచురామయ్య ఆ బస్తాని ఎత్తిన చోటికే తీసుకెళ్లి దించి, మళ్లీ మొదట్నుంచి ఒక్కడే మోశాడు.

ఆ మార్చి నెలలో ఒక మధ్యాహ్నం, కాయలు గలగలలాడేట్టు ఎండిన సమయానికి, కొండ మీద నల్లటి మబ్బు లేచింది. కల్లమంతా పరుగులు. ఆ కాయలు తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టినట్టే. గౌస్ బాషా కాయల మీద పట్ట కప్పి తాడు కడితే ముడి జారింది. భుజం మీద నొక్కు పడింది. నాజియా దిగి బిగించింది. చుట్టూ రాళ్లు పెట్టి ఊపిరి పీల్చుకున్నారు.

పక్కన చెంచురామయ్య ఒంటరిగా పట్టతో కుస్తీ పడుతున్నాడు. ఆయన ఒక కొస పట్టుకుంటే గాలి రెండో కొస లాగుతోంది. చివరికి పట్ట ఆయన్నే చుట్టేసింది. షానవాజ్ పరుగెత్తబోయాడు.

"దగ్గరికొచ్చావంటే ఊరుకోను," అని పట్టలోంచి గొంతు వినిపించింది.

మొదటి చినుకులు పడ్డాయి. మాబూబీ వెళ్లి, పట్ట తొలగించి, చెంచురామయ్య భుజం మీద బొటనవేలితో నొక్కింది. చూస్తున్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు.

"బాబాయ్, ఇది వదిలెయ్. మా పట్ట లేచిపోయేట్టుంది. మావాళ్లెవరి బరువూ చాలట్లేదు. నువ్వొచ్చి మీద కూర్చోవాల."

చెంచురామయ్య గౌస్ బాషా వైపు అనుమానంగా చూశాడు. గౌస్ బాషా ఊపిరి బిగబట్టి, పొట్టని వీలైనంత లోపలికి లాక్కున్నాడు.

"మరి నా కాయలో?"

"కప్పడం ఎవరైనా కప్పుతారు బాబాయ్. కూర్చోవడం నీవల్లే అవుద్ది."

"అవునవును. మనిషన్నాక బరువుండాలి," అంటూ ఆయన కుంటుకుంటూ వచ్చాడు. అప్పుడు గానీ నాజియాకి ఆయన వాచిన మోకాలు కనపడలేదు.

"రాళ్లు పెట్టాం కదా అత్తమ్మా," అనబోయింది. మాబూబీ చూసిన చూపుకి ఆ మాట మింగేసి, పక్క కల్లంలోకి పరుగెత్తి తాడు అందుకుంది.

వాన దంచేసింది. చెంచురామయ్య గోనెసంచి నెత్తిన కప్పుకుని, రాళ్ల మధ్య, పట్ట మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. అక్కణ్నుంచే తన కాయల మీద పట్ట ఎట్లా కప్పాలో నలుగురికీ ఆజ్ఞలు జారీ చేశాడు. ఒక్క కాయ తడవలేదు, ఆయనదీ, వీళ్లదీ.

మర్నాటినుంచి ఆయన టీ బంకు దగ్గర ఒకటే చెప్పడం, గాలివానలో తను మాబూబీ కల్లాన్ని ఎట్లా నిలబెట్టాడో. ఎవరైనా వచ్చి అడిగితే మాబూబీ ఫోన్లోంచి తలెత్తకుండా, "బాబాయే లేకపోతే మా గతేంటి," అనేది.

ఒకరోజు ఆయనే ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పమ్మాయ్. ఆరోజు నేను కూర్చోకపోతే మీ పట్ట ఏమయ్యేది?"

నాజియా టీ గ్లాసు అందించింది. "గుంటూరు మిర్చి యార్డు దాకా ఎగిరిపోయేది తాతయ్యా."

చెంచురామయ్య తృప్తిగా తల ఊపి ఒక గుటక వేశాడు.

"మళ్లా వానొస్తే మొహమాటపడకుండా పిలవండి. కాస్త ముందుగా చెప్పారంటే, ఒక ముద్ద ఎక్కువ తిని వస్తా."