వెనక సీటు చెక్క మీది నంబరు

కార్ల సీట్లు కుట్టే ఆమెను పాతకార్ల సంఘంలో అందరూ సీట్లక్క అనేవారు. తండ్రికి చూపు మందగించడంతో ఇరవయ్యో ఏట ఆ చిన్న షెడ్డులో కుట్టుమిషను ముందు కూర్చుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. స్టీరింగు పట్టడం రాదు గానీ, సీటు వెనక్కి చెయ్యి పోనిచ్చి కారు ఏ కాలం నాటిదో చెప్పేసేది.

ఆ ఆదివారం సంఘం పెట్టిన ప్రదర్శనలో తగాదా ఆమె బావగారి కారు మీదే వచ్చింది. ఆయన ఆమె భర్తకు అన్న. అది రెండు తలుపుల కారు. ఆ రకం నలభైకి మించి తయారు కాలేదు. నాలుగు తలుపుల మామూలు కారునే కోసి, అతికించి, అరుదైనదని నమ్మించేవాళ్లు ఉన్నారు. ఈ కారుకి ఇంజను పక్కన ఉండాల్సిన నంబరు రేకు ఎప్పుడో పోయింది. రుజువు లేకపోతే అరుదైన కార్ల జాబితాలోంచి తీసేస్తామని సంఘం అధ్యక్షుడు తేల్చి చెప్పాడు.

"ఫ్యాక్టరీలో వెనక సీటు చెక్క మీద పెన్సిలుతో నంబరు రాసేవాళ్లు," అందామె. "తోలు విప్పితే తెలుస్తుంది."

"చిరిగితే?" అన్నారు బావగారు.

"చిరగొచ్చు. అరవై ఏళ్ల తోలు."

ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు మరిచిపోయినా కారు కొన్న తేదీ మరిచిపోని మనిషాయన. అయినా తలూపారు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని చిన్న బ్లేడుతో ఒక్కో కుట్టే తెంపసాగింది. చుట్టూ ముప్పైమంది మూగారు. ఎనిమిదో కుట్టు దగ్గర తోలు చిటుక్కుమంది. వేలెడు పగులు. బావగారు కళ్లు మూసుకున్నారు. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. అంచు లేవగానే టార్చి వేసి తల లోపలికి వంచింది.

రెండు తలుపుల వాటి నంబరు ఏడుతో, నాలుగు తలుపుల వాటిది నాలుగుతో మొదలవుతుంది. ఇక్కడున్నది నాలుగు.

పెన్సిలు రాత. బొటనవేలితో గట్టిగా రుద్దితే పోతుంది. ఇంకా ఎవరూ చూడలేదు.

ఆమె ముఖం చూసి బావగారికి అర్థమైపోయింది. పక్కకు వంగి గొంతు తగ్గించారు. "మధ్యలో ఎవరో సీటు మార్చారని చెప్పమ్మా. నువ్వంటే నమ్ముతారు."

"బోల్టుల మీద మొదటి రంగు కూడా చెదరలేదు బావగారూ. సీటును ఎవరూ కదపలేదు. నా నోటితో ఎలా అనమంటారు?"

ఆమె లేచి నిలబడింది.

"నాలుగుతో మొదలైంది," అని అధ్యక్షుడితో చెప్పింది. "ఇది నాలుగు తలుపుల కారే. ఎవరో కోసి అతికించారు. బావగారికి అమ్మినవాళ్లే మోసం చేశారు."

అధ్యక్షుడు టార్చి తీసుకుని తానూ చూసి, జాబితాలో ఆ పేరు కొట్టేశాడు. జనం మెల్లగా పక్క కార్ల వైపు జరిగారు.

రెండు నెలలు బావగారు తమ్ముడింటి గుమ్మం తొక్కలేదు. మూడో నెలలో ఒక సాయంత్రం షెడ్డుకి వచ్చి, వాకిట్లోనే నిలబడ్డారు.

"ఇంకో కారు చూశానమ్మా. కొనేముందు నువ్వొచ్చి చూడాలి."

"రేపు కుదరదు బావగారూ, పనుంది. ఎల్లుండి వస్తాను. లోపలికి రండి," అంటూ ఆమె కుర్చీ మీది తోలుముక్కలు తీసింది.