చూడకుండా తట్టిన భుజం

దోహాలో ఒక మాల్ లోపల, మంచు పోసిన హాల్లో, కంపెనీల మధ్య పరుగు పందెం పెట్టారు. మంచులో దిగబడకుండా బూట్ల కింద వెడల్పాటి పలకలు కట్టుకుని పరుగెత్తాలి. జట్టుకు నలుగురు. ఆఖరివాడు గీత దాటితేనే జట్టు చేరినట్టు లెక్క. మా లేబర్ క్యాంప్ తరఫున నేను, నాతో పరంజా పని చేసే నిజామాబాద్ అన్న, ఇద్దరు నేపాలీలు దిగాం.

పరంజా ఎక్కేముందు మాకొక పద్ధతి ఉంది. ఎవరి సేఫ్టీ బెల్టు వాళ్ళు చూసుకోరు. ఒకరి నడుం వెనక హుక్కును ఇంకొకరు లాగి చూసి, భుజం తట్టి "యల్లా", అంటే ఇక పద, అంటారు. అలా తడితేనే నిచ్చెన మీద కాలు పెడతాం. ఆ రోజు కూడా పలకలు కట్టుకోగానే అన్న అలవాటుగా నావైపు వీపు తిప్పి నిలబడ్డాడు. విజిల్ వేయబోతున్నారు. నా కళ్ళు బల్ల మీద పెట్టిన గెలుపు కప్పు మీదే ఉన్నాయి. వంగి ఆయన పట్టీలు చూడకుండానే భుజం తట్టాను.

"యల్లా అన్నా!"

సగం దూరంలో ఆయన పట్టీ ఊడింది. బోర్లా పడి లేచి, ఒంటికాలి పలకతో కుంటుతూ అందరికన్నా చివర వచ్చాడు. మా సూపర్‌వైజర్ ఆయన్ని కసిరాడు.

"నేనే సక్కగ కట్టుకోలే సార్" అన్నాడు అన్న.

నేను వంగి నా పలకల పట్టీలు విప్పుకోసాగాను.

మర్నాడు పనిలో ఆయన హుక్కును రెండుసార్లు లాగి చూశాను. నిజంగానే చూశాను. భుజం తట్టాను. అన్న నిచ్చెన మీద కాలు పెట్టబోయి ఆగాడు. చెయ్యి వెనక్కి పెట్టి, హుక్కును తానే తడిమి చూసుకుని, అప్పుడు ఎక్కాడు.