సున్నా దగ్గర నిలబడ్డ కోడిగుడ్డు

నిన్న సాయంత్రం పటమటలో మా కొట్టు ముందు నా మొహం మీద కోడిగుడ్డు పగిలిన సంగతి మీదాకా వచ్చిందా? వచ్చే ఉంటుంది. మా వీధి నోరు నాకు తెలీదా! కానీ అసలు సంగతి నన్ను చెప్పనివ్వండి. అందులో లెక్కలున్నాయి.

ఇంటర్ లెక్కల్లో తప్పానని నాన్న నన్ను కిరాణా కొట్లో కూర్చోబెట్టాడు. కొట్టు పైన, రెండో అంతస్తులో సుజాత గారుంటారు. బీఎస్సీ చదువుతున్నారు. సప్లిమెంటరీకి నాకు లెక్కలు చెప్తున్నారు. చెప్తుంటే ఆ గాజుల చెయ్యి గాల్లో గీతలు గీస్తుంది చూడండీ... సరే, వదిలెయ్యండి.

మొన్న ఆవిడకి విసుగొచ్చింది.

"శీనూ! వస్తువు ఎక్కడుందో చెప్పేది పొజిషన్. అది ఎంత జోరుగా మారుతోందో చెప్పేది వెలాసిటీ. పొజిషన్‌కి డెరివేటివ్ తీస్తే వెలాసిటీ వస్తుంది. ఇది కూడా బుర్రకెక్కకపోతే ఎల్లుండి నుంచి రావద్దు!"

రావద్దు! మరి ఆ మేడ మెట్లెక్కడానికి నాకింకేం వంక ఉంది?

కొట్లో కూర్చుని పొట్లం కాగితం మీద ఆవిడిచ్చిన లెక్క చేశాను. పైకి విసిరిన బంతి ఎత్తు, పది టీ మైనస్ అయిదు టీ స్క్వేర్. టీ అంటే గడిచిన సెకన్లు. డెరివేటివ్ తీస్తే పది మైనస్ పది టీ. అంటే ఒక్క సెకనుకి వెలాసిటీ సున్నా! ఎత్తు అయిదు మీటర్లు. తలెత్తి చూశాను. నా చేతి నుంచి సుజాత గారి పిట్టగోడ కూడా ఇంచుమించు అంతే!

ఒళ్లు జలదరించింది. పైకెళ్లిన బంతి ఆవిడ ముందు ఒక్క క్షణం కదలకుండా నిలబడిపోతుందన్నమాట. పాపం, అచ్చం నాలాగే!

నిన్న వాళ్లమ్మగారు తాడు కట్టిన బుట్ట కిందికి దించారు. "బాబూ శీనూ, పులుసులోకి నాలుగు గుడ్లు పెట్టు నాయనా." పక్కనే పిట్టగోడకి ఆనుకుని సుజాత గారు. ఇంతకన్నా మంచి సమయం దొరుకుతుందా?

"బుట్టెందుకు పిన్నిగారూ, డెరివేటివ్ ఉండగా!"

"అదేంటి బాబూ, కొత్త సరుకా?"

"సుజాత గారూ! మీ చేతి దగ్గరికొచ్చేసరికి వెలాసిటీ సున్నా. అలమార్లోంచి తీసుకున్నట్టు తీసేసుకోండి!" అని గుడ్డు విసిరాను.

నమ్మండి, ఆగింది! ఆవిడ ముక్కు ముందు, తెల్లగా, చందమామలా. నాకు ఆనందంతో కళ్లు మూతలు పడ్డాయి. పడకుండా ఉండాల్సింది.

టప్!

"పట్టుకోలేదేంటండీ!"

"నిజంగా సున్నా అవుతుందా అని చూస్తుండిపోయాను శీనూ. అయింది!" పగలబడి నవ్వుతున్నారావిడ. "ఇప్పుడు చెప్పు. టీ స్థానంలో రెండు పెడితే పొజిషన్ ఎంత?"

సొన మీసాల మీంచి కారుతుండగానే పెట్టి చూశాను. "సున్నా అండీ. బయల్దేరిన చోటికే."

"వెలాసిటీ?"

"మైనస్ పది."

"మైనస్ అంటే?"

"కిందికండీ."

"ఎవరి మీదికి?"

"నా మీదికేనండీ."

"అబ్బ! నీకు మొత్తం వచ్చేసింది శీనూ. ఇంక రేపట్నుంచి రానక్కర్లేదు!"

సొన తుడుచుకోవడం కూడా మర్చిపోయి, మేడ వైపు మొహమెత్తి గట్టిగా అరిచాను.

"ఉండండి సుజాత గారూ! మైనస్ అంటే... పైకేమోనండీ!"