ఏడుగురి పేర్లతో నా జ్వరం

ఆ రోజుల్లో రిజిస్టరు నిండితే ఉద్యోగం నిలబడినట్టేననుకునే వయసు నాది. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో మలేరియా వర్కరుగా తిరిగేవాణ్ణి. పదిహేను రోజులకొకసారి ఇల్లిల్లూ తిరిగి, జ్వరమొచ్చినవాళ్ళ వేలు పొడిచి, నెత్తుటి చుక్క గాజు స్లైడు మీద పూసి మదనపల్లె ల్యాబుకు పంపాలి. వానలు పడి గుంతల్లో, తొట్లలో నీళ్ళు నిలిస్తే దోమలు, వాటి వెనకే జ్వరాలు వచ్చేవి. స్లైడ్లకు కరువుండేది కాదు. ఎండాకాలంలో గుంతలు ఎండిపోయి ఊరంతా ఆరోగ్యంగా ఉండేది (నా రిజిస్టరుకు అదే పెద్ద రోగం). నెలకిన్ని స్లైడ్లు పంపాలన్న నియమం మాత్రం ఏ ఎండకూ ఎండేది కాదు.

ఒక మే నెలలో ఏడు స్లైడ్లు తక్కువైతే, ఒక పల్లెలో ముద్దవ్వను బతిమాలాను (మనిషి రాగిముద్దలా గుండ్రంగా ఉండేది, ఆ పేరు ఊరివాళ్ళు పెట్టిందే, నేను కాదు).

"యాలప్పా నా వేలు పొడిసేది? జొరమా గిరమా? అంత రగతం కావాలంటే నీ వేలే పొడుసుకో పో!"

సలహా బాగుందనిపించింది. చింతచెట్టు కింద కూర్చుని నా నెత్తురే ఏడు స్లైడ్ల మీద పూసి, ముద్దవ్వతో మొదలుపెట్టి ఏడుగురి పేర్లూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

వారం తిరక్కుండా మా సూపర్‌వైజరు గొడుగు సారు (ఏ కాలమైనా గొడుగుతోనే తిరిగేవాడు) మాత్రల డబ్బాతో దిగాడు. "ఏమప్పా, ఏడుకి ఏడూ మలేరియానే! ఎండాకాలంలో ఒక్క పల్లెలో ఏడు మందా? పద పద!" దారి పొడవునా నాకు రెండు బెంగలు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి. లేని జబ్బుకు ఏడుగురు రోజుల తరబడి మాత్రలు మింగాలే అన్న దిగులు ఇంకొకటి.

ముద్దవ్వ నీళ్ళబిందెతో ఎదురొచ్చింది. "జొరమా? నాకా? పొద్దున రెండు ముద్దలు తింటిని, సూడు సారూ!" సారు వినిపించుకోలేదు. పాపం ఆమెకే అనుమానమొచ్చి, బిందె దించి, "మింగకపోతే సచ్చిపోతానా?" అంటూ చెయ్యి చాచింది. ఆ చేతిలో మాత్రలు పడబోతుంటే ఆగలేకపోయాను.

"సార్, ఆ నెత్తురు నాది. ఏడూ నావే."

సారు మాత్రల డబ్బా మూసేశాడు. తర్వాత నా నుదురు తాకి చూశాడు. "నీకు జొరం వస్తాండాదా?"

"ఎండదెబ్బ అనుకున్నాను సార్."

నా సంచిలోని డైరీ లాక్కుని తిరగేశాడు. సాయంత్రం చలి, మరునాడు బాగుంది, ఆ మరునాడు మళ్ళీ చలి. "దినం మార్చి దినం రాసుకోనుండావు గదరా! ఇంత పద్ధతిగా ఎవుడన్నా జబ్బు పడతాడా?" కిందటి వానాకాలం నేను కుప్పంలో పనిచేసినప్పుడు దోమ కుట్టి ఎక్కించిన జ్వరం, కాలేయంలో దాక్కుని ఇప్పుడు లేచిందట.

"పొడుసుకోమంటే నిజంగానే పొడుసుకోనుండాడే సన్నాసి!" అంటూ ముద్దవ్వ బిందెలో నీళ్ళు చెంబులోకి వంచి, నేను మాత్రలు మింగేదాకా కదల్లేదు.

సారు క్షమాపణ పత్రం రాయించుకుని ఉద్యోగం మిగిల్చాడు. ("మందులు అయ్యేదాకా నువ్వు పేషెంటువి, తిట్టకూడదు" అన్నాడు, అయిపోయిన మర్నాడే తిట్టాడు.)

అప్పటి నేను, ఆ కుర్రవాడు, నిజాయితీగా ఉండి ఉంటే, ఊరందరి నెత్తురూ చూసిన ల్యాబు వాడి నెత్తురు మాత్రం చూసేది కాదు. ఇప్పటికీ వాణ్ణి తలుచుకుని మందలిద్దామనే కూర్చుంటాను. తీరా కూర్చున్నాక, వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూడాలనిపిస్తుంది.