నడుమున్న కొబ్బరిచెట్టు

మా దొడ్లో కొబ్బరిచెట్టుకు నడుముంది. కింద లావుగా లేచి, రెండు నిలువుల ఎత్తున చటుక్కున సన్నబడి, మళ్ళీ లావెక్కి పైకి పోతుంది. మొలతాడు బిగించి కట్టినట్టుంటుంది. ఇంటికొచ్చిన ప్రతివాడూ అదేమిటని అడుగుతాడు. కొందరికి పిడుగు పడిందని చెప్పాను. కొందరికి కరువు ఏడాది గుర్తన్నాను. ఇవన్నీ అబద్ధాలు. ఆ నడుము నేను చేసింది. కత్తి పట్టకుండా, చెట్టెక్కకుండా, కింద నీడలో నిలబడి ఒట్టి నోటితో చేశాను. ఆ నోటి పుణ్యాన నా పెళ్ళి రెండేళ్ళకు పైగా ఆగిపోయింది, ఒక మంచివాడి పేరు చెడింది. ఇన్నేళ్ళకైనా ఉన్నదున్నట్టు రాసిపెట్టాలి.

యుద్ధం నడుస్తున్న రోజులు. గుంటూరులో ట్రైనింగు పూర్తిచేసి, గురజాల దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులుగా చేరాను. అదే ఊళ్ళో మరియమ్మగారి మనవరాలు రూతుతో నాకు ప్రధానం జరిగింది. మరియమ్మగారి దొడ్లో, అంటే ఇప్పటి మా దొడ్లో, కొబ్బరిచెట్టొకటి ఉండేది. కోస్తావాళ్ళు నవ్వకండి. మా నల్లరేగడిలో, మా ఎండల్లో కొబ్బరిచెట్టంటే ఊరికి ఏనుగున్నట్టే. మొగుడు బతికుండగా ఆ మొక్కను నడికుడిదాకా రైల్లో తెచ్చి, అక్కణ్ణుంచి నెత్తిన మోసుకొచ్చాడట. ఆయన పోయాక ఆమె పన్నెండేళ్ళు నీళ్ళు పోసి సాకింది. ఆ ఏడే మొదటిసారి గెల వేసింది. ఆ మొదటి గెల దేవుడి గుళ్ళో అర్పించాకే రూతు పెళ్ళి చేస్తానని ఆమె మొక్కుకుంది. పిందెలు అప్పటికి నిమ్మకాయంత. అంటే నా పెళ్ళి కూడా ఆ గెలలోనే వేలాడుతోందన్నమాట.

ఇంతలో, ఈస్టరుకు ముందు మట్టలు పట్టుకుని ఊరేగే మట్టల ఆదివారం దగ్గరపడింది. ఊరేగింపుకు ఏటా వాగొడ్డు నుంచి ఈతమట్టలు తెచ్చేవాళ్ళు. వాటి ముళ్ళు గుచ్చుకుని, కిందటేడు సగంమంది భక్తిగీతాలకు బదులు అమ్మో అబ్బో అని పాడారట. ఈసారి కొబ్బరిమట్టలతో చేద్దామని నాకు బుద్ధి పుట్టింది. మరియమ్మగారూ రూతూ బెల్లంకొండలో చుట్టాలింటికి వెళ్ళి ఉన్నారు. వాళ్ళొచ్చేసరికి చెట్టును ముచ్చటగా కత్తిరించి పెడితే, అల్లుడి తెలివికి ఆవిడ మురిసిపోతుందని నా లెక్క.

నాకు కుర్చీ ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. అందుకని తాటాకులు కొట్టే సైదాను పిలిపించాను. అతను నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్ద. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, ఎండిన మట్టలు రెండే ఉన్నాయి, అవి కొట్టి దిగుతానన్నాడు.

"రెండేంటి, పైన నిలువుగా ఉన్న అయిదూ ఉంచి మిగతావన్నీ కొట్టు" అన్నాను.

"పచ్చివా? ఏంది పంతులూ, మతుండే అంటన్నావా?"

నేను పాఠం మొదలుపెట్టాను. ట్రైనింగులో తోటపని అని ఒకటుండేది. అక్కడ మాకు నిమ్మచెట్టును కత్తిరించడం నేర్పారు. కొమ్మ కొడితే నాలుగు చిగుళ్ళు వేస్తుందనీ, పాత ఆకు బరువు తగ్గితే కాయ ఊరుతుందనీ సైదాకు చెప్పాను. చెప్పింది నిమ్మచెట్టు గురించని మాత్రం చెప్పలేదు.

సైదా ఓపిగ్గా విన్నాడు. "దీనికి కొమ్మలెక్కడివి పంతులూ? ఉన్నది ఒక్క తలకాయే. నెలకో మట్ట పుడద్ది. పుట్టింది రెండున్నర, మూడేళ్ళు బతుకుద్ది. అది ఎండి, వేలాడి, లాగితే ఊడొచ్చే రోజు దాన్ని కొయ్యాలి. అందాకా అది చెట్టుకు కూడు పెడతా ఉంటది. పైగా గెలకు కింద మట్టే ఆసరా."

"నువ్వు చదువుకున్నావా, నేను చదువుకున్నానా?" అన్నాను.

ఈ ప్రశ్నకు ఇప్పుడు సిగ్గుతో తల దించుకుంటున్నాను. అప్పుడు మాత్రం తల ఎత్తుకునే ఉన్నాను, పైన ఏది కొట్టాలో చూపించాలి కదా. పాతిక మట్టలు నేలకు దిగాయి. చెట్టు, జ్వరమొచ్చి లేచిన కోడిపుంజులా, అయిదు ఈకలతో నిలబడింది. నాకది చాలా అందంగా కనిపించింది.

ఆదివారం పొద్దున మరియమ్మగారు బెల్లంకొండ నుంచి బండి దిగి నేరుగా ఊరేగింపులో కలిసింది. ఎవరో చేతికొక మట్ట ఇచ్చారు. ఆవిడ దాన్ని నిమిరి, ఊపి, గొంతెత్తి పాడింది. నా పక్కకొచ్చి, "ఎవురి చెట్టుదో గానీ అబ్బాయ్, చానా ఏపుగా ఉంది. బాగా సాకినట్టుండారు" అంది. నేనింకా గట్టిగా పాడాను.

ఆరాధన అయ్యాక ఆవిడ ఇంటికెళ్ళింది. వెనకాలే మేమంతా వెళ్ళాం. కూలిపనికి పోతున్న సైదా కూడా గోడవతల ఆగాడు. చెట్టు మీద, ఆసరా లేక విరిగిన గెల తలకిందులుగా వేలాడుతోంది. పిందెలు నేలంతా రాలి ఉన్నాయి. ఆవిడ వంగి, ఒక పిందె తీసి కొంగుకు తుడిచింది.

"ఎవురు కోశారు?"

"సైదా" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత పెద్ద అబద్ధం నా జీవితంలో మళ్ళీ ఆడలేదు.

సైదా నావంక చూసి, కత్తి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ దొడ్లో మళ్ళీ కాలు పెట్టొద్దని ఆవిడ వెనకనుంచి చెప్పింది. సాయంత్రం అతన్ని దారిలో పట్టుకుని ఎందుకు నోరు మెదపలేదని అడిగాను.

"నేను చెబితే నీ పెళ్ళి పోద్ది. నాకేం, ఊళ్ళో తాటిచెట్లు చానా ఉన్నై. కానీ పంతులూ, మళ్ళీ గెల దిగేలోపల నువ్వే చెప్పు."

గెల అంత తొందరగా ఎక్కడొస్తుంది? తిండి పెట్టే ఆకులు పోయి చెట్టు అయిదు మట్టలతో బతుకీడ్చింది. కొత్తగా పెరిగినచోట మాను చిక్కిపోయింది. నెలకొక మట్ట అని సైదా చెప్పిన మాట నేను మెడ నెప్పెట్టేలా చూసి రూఢి చేసుకున్నాను. ప్రేమలేఖలకోసం ఎదురుచూసే వయసులో మొవ్వులో కొత్త మట్ట విచ్చుకోవడంకోసం ఎదురుచూశాను. తప్పు చేసిన భయంతో రోజూ కావడితో నీళ్ళు మోశాను. ఊరంతా నన్ను పొగిడింది. ఎవరో చేసిన పాపానికి ఈ పిల్లవాడు నీళ్ళు మోస్తున్నాడని పాస్టరు అయ్యగారు ప్రసంగంలో కూడా చెప్పారు. అప్పుడు గుళ్ళో వెనక్కి తిరిగి నన్ను చూసినవాళ్ళకు నా ముఖం వినయంగా కనిపించి ఉంటుంది.

రెండేళ్ళు దాటాక గెల వచ్చి, ముదిరింది. దించాలి. ఊళ్ళో కొబ్బరిచెట్టు ఎక్కగలవాడు సైదా ఒక్కడే. మరియమ్మగారు పట్టుదల చంపుకుని కబురు పంపింది. అతను వచ్చి దొడ్డిగుమ్మం బయటే కూర్చున్నాడు. లోపలికి రాడు, చుట్ట కాలుస్తూ నన్నే చూస్తున్నాడు. చుట్ట అయిపోవస్తోంది.

"అవ్వా, కోసింది సైదా. కొయ్యమన్నది నేను. వద్దు వద్దంటున్నా కోయించాను" అన్నాను.

రూతు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. మరియమ్మగారు ముందు గుమ్మం దగ్గరకు వెళ్ళి, "లోపలికి రా నాయనా సైదా, నోరు జారాను" అంది. తర్వాత నావైపు తిరిగింది.

"అయితే ఇన్నాళ్ళు నీళ్ళు మోసింది నామీద ప్రేమతో కాదన్నమాట."

"తప్పు దిద్దుకుందామని అవ్వా."

"తప్పని చెప్పకుండా మోసింది దిద్దుకోవడం ఎట్టయిద్ది? పెళ్ళికేం, చేస్తాలే, మొక్కు మొక్కే. శిక్ష నీళ్ళు మాత్రం రేపణ్ణుంచి మొదలెట్టు."

పెళ్ళయిన మర్నాడు ఊళ్ళోవాళ్ళు కొత్త పెళ్ళికొడుకును చూశారు. భుజాన కావడితో.

అందుచేత సర్వజనులకూ తెలియజేసుకునేదేమంటే, పచ్చిమట్ట కొయ్యమని ఈ జన్మలో మళ్ళీ నోరు తెరవను. ఎండి, వేలాడి, తనంత తాను రాలదలచిన మట్టకు కూడా తొందరపడమని చెప్పను. మొన్న రూతు, ఆరబోసిన మిరపకాయల మీదికి వేలాడుతున్న ఎండుమట్టను కర్రతో లాగమంది. దానికి బుద్ధి పుట్టినప్పుడు అదే రాలుతుందన్నాను. నిన్న పొద్దున దానికి బుద్ధి పుట్టింది. సరిగ్గా నా సైకిలు మీద పడింది. అప్పుడు సైకిలు మీద నేనున్నాను.